దండధరుని ఋణము



భారతము ఆదిపర్వమున మాండవ్యుని కథ కలదు. ఈ గ్రంథాలయపు బల్లలయొద్ద కూర్చుండి దానిని చదువని చందాదారు అరుదు. మాండవ్యమహర్షి మౌనవ్రతమున ఉండగా కొందరు దొంగలు రాజధనమును ఆయన ఆశ్రమమున దాచి, తామును అచ్చటనే దాగిరి. వెంటనంటి వచ్చిన రాజభటులు ఋషిని ప్రశ్నించిరి. ఆయన వ్రతభంగమునకు జంకి పలుకలేదు. భటులు సొమ్మును కనుగొని, దొంగలతోపాటు ఋషినికూడ బంధించి తీసికొనిపోయిరి. రాజు తగిన విచారణ చేయక ఆయనను శూలమున వేయించెను. పిమ్మట నిజము తెలిసి రాజు ఋషి పాదములపై బడి క్షమింపుమని వేడుకొనెను. కాని శూలము ఊడి రాలేదు. దాని ముక్క శరీరముననే నిలిచిపోయి, ఆయనకు అణిమాండవ్యుడను పేరు కలిగెను.

కథ అంతటితో ముగియలేదు. ఋషి యమధర్మరాజు కొలువునకు పోయి, ఏ నేరమునకు తనకీ దండన కలిగినదని అడిగెను. బాల్యమున పురుగులను పుల్లతో గ్రుచ్చి బాధించిన పాపమునకని యముడు బదులు చెప్పెను. అంత చిన్న తప్పునకు ఇంత పెద్ద దండనమా యని ఋషి ఆగ్రహించి, మనుష్యుడవై జన్మింపుమని యముని శపించెను. ఆ యముడే విదురుడై పుట్టెను. పదునాలుగేండ్ల లోపలి బాలురు చేసిన పనికి పాపము లేదను మర్యాదయు నాటినుండియే ఏర్పడెను.

ఈ కథలో రెండు ధర్మములున్నవి. నేరమునకు మించిన దండన తానే ఒక నేరము. దండము ధరించినవాడు, అతడు సాక్షాత్తు యముడైనను, దండమునకు అతీతుడు కాడు. ఇవి పురాణకాలపు మాటలే కదా అని తోచవచ్చును. కాని ఈ రెండు ధర్మములును న్యాయస్థానములలో నిలుచుటకు ఈ దేశమునను, ఇతర దేశములందును నూరేండ్లకు మించి వ్యాజ్యములు నడచినవి. రక్షకభటులు హద్దుమీరి కొట్టినప్పుడు, నిర్బంధించినప్పుడు, ప్రాణము తీసినప్పుడు ఆ నష్టమును ఎవరు తీర్చవలెను? ఇది గ్రామమున ప్రతి గృహస్థుడును తెలిసికొనవలసిన విషయము.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు బందీఖానా అధికారులకు విధించిన శిక్షలు చూడదగినవి. బందీని యాతనపెట్టిన అధికారికి మధ్యమ సాహస దండము; బందీని చంపినవానికి వేయి పణముల దండము. దొంగ ఎత్తుకొనిపోయిన సొమ్మును రాజు తెప్పించి సొంతదారునకు ఇప్పింపవలెననియు, అది చేతకానిచో తన బొక్కసమునుండి ఈయవలెననియు ధర్మశాస్త్రకారులు వ్రాసిరి. ప్రజలు పన్ను చెల్లించునది రక్షణకొరకు. పన్ను పుచ్చుకొని రక్షింపనివాడు బాకీపడును. రక్షింపకుండుటయే కాక తానే హింసించినవాని బాకీ ఎంతటిదో లెక్క వ్రాయనేర్చిన ప్రతివానికిని తెలియును.

ఇంగ్లీషువారి న్యాయమున వేరొక సూత్రముండెను. రాజు తప్పు చేయజాలడనునది ఆ సూత్రము. తప్పు చేయనివానిపై దావా ఉండదు. ఆ సూత్రము ఓడలమీద ఈ దేశమునకు దిగుమతి అయ్యెను. దాని నీడను ఏమేమి జరిగెనో 1855లో చెన్నపట్నమున ప్రకటింపబడిన ఒక నివేదిక చెప్పుచున్నది. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలునకును, నేరము ఒప్పించుటకును జనులను హింసించుచున్నారను ఫిర్యాదులు సీమలోని పార్లమెంటువరకు పోగా, విచారణకై ఒక సంఘము నియమింపబడెను. నేటి కోస్తా జిల్లాలును, రాయలసీమయు నాడు ఆ రాజధానిలోనివే. ఆనాడు శిస్తు వసూలు చేయు చేతులే పోలీసు అధికారమునుకూడ చెలాయించుచుండెను. వ్రేళ్ళను చెక్కల నడుమ పెట్టి నొక్కు కిట్టి, తలను కాళ్ళకు వంచి కట్టి ఎండలో నిలబెట్టు అనుందాలు మొదలగు హింసలు ఆ నివేదికలో వర్ణింపబడినవి. జనులు స్వయముగా వచ్చియు, ఉత్తరములు వ్రాసియు సంఘమునకు మొరపెట్టుకొనిరి. హింస కలదని సంఘము నిర్ధారించెను. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టము వచ్చి, పోలీసు శాఖ రెవిన్యూనుండి వేరయ్యెను. శాఖ మారెను గాని, దెబ్బలు తిన్నవానికి పరిహారము ఎవరీయవలెనను ప్రశ్నకు సమాధానము రాలేదు.

ఈ ప్రశ్నకు మొదట ఒక చట్టముతో సమాధానము చెప్పిన దేశములలో అమెరికా సంయుక్తరాష్ట్రములు ముఖ్యమైనవి. అచ్చట అంతర్యుద్ధము 1865లో ముగిసి బానిసత్వము రద్దయ్యెను. కాని దక్షిణ రాష్ట్రములలో కూ క్లక్స్ క్లాన్ అను ముఠావారు విముక్తులైన నీగ్రోలను కొట్టుచు, చంపుచు ఉండిరి. స్థానికాధికారులు చూచియు చూడనట్లుండిరి. కొందరు ఆ ముఠాతో చేయి కలిపిరి. అప్పుడు 1871 ఏప్రిలు 20వ తేదీన అచ్చటి కాంగ్రెసు ఒక చట్టము చేసెను. రాష్ట్రపు అధికారము పేరిట ఎవడైనను పౌరుని రాజ్యాంగ హక్కును హరించినచో, ఆ పౌరుడు వానిపై కేంద్ర న్యాయస్థానమున దావా వేసి నష్టము రాబట్టుకొనవచ్చునని దాని సారాంశము. చట్టము పుస్తకమున ఉండెను. కాని సుమారు తొంబదియేండ్లు దానిని తెరచినవారు కొద్దిమంది.

1958 అక్టోబరు 29వ తేదీ వేకువజామున షికాగో నగరమున 13 మంది పోలీసులు మన్రో అను నీగ్రో గృహస్థుని యిల్లు చొచ్చిరి. ఈతడు దత్తమండలములను ఏలిన మన్రో దొర కాడు. ఆరుగురు బిడ్డల తండ్రియైన సామాన్యుడు. వారియొద్ద వారంటు లేదు. భార్యాభర్తలను వివస్త్రులుగా నిలబెట్టిరనియు, గది గదియు చిందరవందర చేసిరనియు, ఆయనను ఠాణాకు గొనిపోయి పది గంటలు నిర్బంధించి, మేజిస్ట్రేటునెదుట పెట్టక, ఏ నేరమును మోపకయే విడిచిరనియు వాదపత్రమున వ్రాయబడెను. పోలీసుల తరఫువారి వాదము విచిత్రమైనది. వారు చేసినది రాష్ట్రపు చట్టమునకే విరుద్ధము గనుక, అది రాష్ట్రాధికారము పేరిట చేసిన పని కాదనిరి. 1961 ఫిబ్రవరి 20వ తేదీన అమెరికా సుప్రీం కోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. బిళ్ళ ధరించినవాడు ఆ బిళ్ళవలన వచ్చిన అధికారమును దుర్వినియోగము చేసినప్పుడు, అది అధికారము పేరిట చేసిన పనియే యగునని తీర్పు. అప్పటికిని నగరపాలక సంస్థపై దావా చెల్లదనిరి. 1978లో మరియొక వ్యాజ్యమున ఆ మాటను మార్చుకొని, సంస్థ నడిపిన విధానమువలననో, ఆచారమువలననో హాని కలిగినచో సంస్థయు బాధ్యురాలే యని నిర్ణయించిరి.

బలప్రయోగమునకు కొలత ఏమి? ఇది కష్టమైన ప్రశ్న. పోలీసువాడు దొంగను పూలమాలతో పట్టుకొనజాలడు. 1984లో షార్లెట్ అను నగరమున మధుమేహరోగి ఒకడు రక్తమున చక్కెర పడిపోవుచున్నదని గ్రహించి, నారింజరసమునకై స్నేహితుని కారులో అంగడికి పోయెను. అచ్చట వరుస పెద్దదిగా ఉండుటచే వెంటనే పరుగున బయటికి వచ్చెను. ఆ తొందరను చూచిన పోలీసు అధికారి ఒకడు అనుమానించి కారు నాపెను. సహాయమునకు వచ్చినవారు రోగికి సంకెళ్ళు వేసిరి. చక్కెర ఇప్పింపుడన్న స్నేహితుని మాట వినలేదు. ఆ పెనుగులాటలో వాని పాదము విరిగెను. అంగడిలో ఏ నేరమును జరుగలేదని తేలిన పిమ్మట ఇంటివద్ద దింపిరి. ఈ వ్యాజ్యమున 1989లో అచ్చటి సుప్రీం కోర్టు ఒక కొలత చెప్పెను. పోలీసువాని మనస్సులో ఏమున్నదని కాక, ఆ క్షణమున ఆ స్థలమున ఉన్న వివేకియైన అధికారి ఎట్లు ప్రవర్తించునో దానినిబట్టి చూడవలెననిరి. తరువాత తెలిసిన నిజముతో వెనుకకు తిరిగి తూచరాదనిరి. ఈ కొలత పోలీసువారికి చాల అనుకూలమైనదని ఆక్షేపించువారు ఆ దేశముననే పెక్కురు. అంతకుముందే స్పష్టముగా స్థిరపడిన హక్కును భంగపరచిననే తప్ప అధికారి స్వయముగా చెల్లింపనక్కరలేదను రక్షణకూడ అచ్చటి న్యాయమూర్తులు కల్పించిరి. అయినను వ్యాజ్యములు ఆగలేదు. 2020 మే 25వ తేదీన మినియాపొలిస్ నగరమున జార్జి ఫ్లాయిడ్ మెడపై పోలీసు అధికారి మోకాలు మోపి ప్రాణము తీసెను. కుటుంబమువారు వేసిన పౌరహక్కుల దావాను 2021 మార్చిలో నగరము 2 కోట్ల 70 లక్షల డాలర్లకు పరిష్కరించుకొనెను. మరుసటి నెలలో అధికారి హంతకుడని జూరీ నిర్ణయించెను. సొమ్ము వేరు, శిక్ష వేరు. రెండును రెండు లెక్కలు.

ఇక స్వదేశమునకు వత్తము. అమెరికాలో 1871లో వచ్చినట్టి చట్టము ఇచ్చట రాలేదు. ఇచ్చటి మార్గమును న్యాయమూర్తులును, మొరపెట్టుకొన్న సామాన్యులును కలిసి వేసిరి. దానికిముందు దారి ఎంత మూసికొనిపోయి ఉండెనో ఒక వ్యాజ్యము చూపును. 1947 సెప్టెంబరు 20వ తేదీన అమృతసరు వర్తకుడొకడు బంగారము అమ్ముటకు మీరట్ నగరమునకు రాగా, పోలీసులు అనుమానముచే కొత్వాలీకి తీసికొనిపోయిరి. ఆతనియొద్ద బంగారము 103 తులముల 6 మాషముల 1 రత్తి. వెండి 2 మణుగుల ఆరున్నర సేర్లు. మరునాడు ఆతనిని విడిచి, వెండిని ఇచ్చిరి, బంగారము ఈయలేదు. మాల్‌ఖానా అప్పగింతలో ఉన్న హెడ్ కానిస్టేబులు దానిని అపహరించి పాకిస్తానుకు పారిపోయెను. పోలీసుల అజాగ్రత్త రుజువైనది. అయినను 1964 సెప్టెంబరులో సుప్రీం కోర్టు దావాను కొట్టివేసెను. నిర్బంధించుటయు, సోదాచేసి పట్టుకొనుటయు రాజ్యాధికారముతో కూడిన పనులు గనుక వానిలో జరిగిన తప్పునకు రాజ్యము బాధ్యము కాదనిరి. అట్లు అనుచునే, ఈ స్థితి తృప్తికరము కాదనియు, శాసనసభలు చట్టము చేయవలసియున్నదనియు వారే వ్రాసిరి. 1956లోనే లా కమిషను తన మొదటి నివేదికలో ఇట్టి చట్టమును కోరెను. 1965లోను, 1967లోను బిల్లులు పార్లమెంటునకు వచ్చెను. అవి చట్టములు కాలేదు.

శాసనము కదలకుండగా రాజ్యాంగము కదలెను. బీహారులోని ముజఫర్‌పూర్ జైలున ఒక ఖైదీ 1968 జూను 3వ తేదీన నిర్దోషియని విడుదల పొందియు, 1982 అక్టోబరు 16వ తేదీవరకు, అనగా 14 సంవత్సరములకు మించి, లోపలనే ఉంచబడెను. 1983 ఆగస్టు 1వ తేదీన సుప్రీం కోర్టు, అంతకుముందు ఇచ్చిన 5,000 రూపాయలుగాక, మధ్యంతరముగా 30,000 రూపాయలు చెల్లింపుమని బీహారు ప్రభుత్వమును ఆజ్ఞాపించెను. ప్రాథమిక హక్కును హరించినవాడు ఆ హక్కును గౌరవింతునని మాటతో చెప్పినచో చాలదు, ధనరూపముగను తీర్చుకొనవలెనను తలుపు అప్పుడు తెరవబడెను.

ఆ తలుపునుండి లోనికి వచ్చినది ఒక తల్లి. ఆంధ్రదేశపు పొరుగుననున్న ఒడిస్సాలో, సుందర్‌గఢ్ జిల్లా, జరైకేలా ఔట్‌పోస్టు పోలీసులు 1987 డిసెంబరు 1వ తేదీ ఉదయము 8 గంటలవేళ నీలబతి బెహరా అను ఆమె కుమారుని, 22 ఏండ్లవానిని, దొంగతనము కేసు విచారణకని ఇంటినుండి తీసికొనిపోయిరి. ఆ రాత్రి తల్లి ఔట్‌పోస్టుకు అన్నము తీసికొనిపోయెను, కొడుకు తినెను. మరునాడు మధ్యాహ్నము అతని శవము రైలుపట్టాలపై పడియున్నదని ఆమెకు తెలిసెను. ఒంటినిండ గాయములు.

1988 సెప్టెంబరు 14వ తేదీతో ఆ తల్లిపేర ఒక ఉత్తరము సుప్రీం కోర్టుకు చేరెను. న్యాయమూర్తులు దానిని రిట్ పిటిషనుగా స్వీకరించిరి. ప్రభుత్వము చెప్పిన సమాధానమిది: కట్టిన త్రాటిని పండ్లతో కొరికి, తెల్లవారుజామున 3 గంటలవేళ అతడు పారిపోయెను, పిమ్మట రైలు క్రింద పడి చచ్చెను. కావున ఆ మరణము పోలీసుల నిర్బంధములో జరిగినది కాదు. ఒక వంక ఔట్‌పోస్టు కాగితములు. ఒక వంక నిరుపేద తల్లి మాట. ఏది నిజము? సుప్రీం కోర్టు ఊహపై తీర్పు చెప్పక, సుందర్‌గఢ్ జిల్లా జడ్జిని సాక్ష్యము తీసికొని నివేదింపుమని 1991 మార్చిలో ఆదేశించెను. శవపరీక్ష చేసిన వైద్యుడు ఆ గాయములు లాఠీదెబ్బలవలన కలుగునట్టివని చెప్పెను. పారిపోయినవానికై పోలీసులు నిజముగా వెదకిరనుటకు నమ్మదగిన సాక్ష్యము లేదాయెను. నిర్బంధములో పడిన దెబ్బలవలననే అతడు మరణించెనని జిల్లా జడ్జి 1991 సెప్టెంబరులో నివేదించెను.

1993 మార్చి 24వ తేదీన న్యాయమూర్తులు వర్మ, ఆనంద్, వెంకటాచల గారలు తీర్పు చెప్పిరి. తల్లికి 1,50,000 రూపాయలు పరిహారము. ఖర్చులక్రింద న్యాయసహాయ సంఘమునకు 10,000 రూపాయలు. బాధ్యులపై నేరవిచారణ జరుగవలెనను ఆదేశము. అన్నిటికన్న ముఖ్యమైనది ఆ తీర్పులోని సూత్రము. రాజ్యాంగము 21వ అధికరణము ప్రాణమునకు ఇచ్చిన రక్షణను భంగపరచినప్పుడు, అది రాజ్యాధికారపు పని యను సాకు రాజ్యమును కాపాడదు. మీరట్ బంగారపు తీర్పు మామూలు దావాల లెక్కలోనిది. ఇది రాజ్యాంగపు లెక్క. ఠాణా గడప దాటినవాడు తన ప్రాణహక్కును గడప బయట వదలి పోడు. అతడు సజీవుడై లోనికి పోయి శవమై బయటికి వచ్చినచో, ఎట్లు జరిగెనో చెప్పవలసిన భారము లోపల ఉన్నవారిది.

ఆంధ్రదేశమునకు సంబంధించిన వ్యాజ్యమొకటియు ఇచ్చట స్మరింపదగినది. 1977 మే 5వ తేదీ రాత్రి తెల్లవారకముందు కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబులు వేయబడి, లోపల ఉన్న విచారణ ఖైదీ ఒకడు మరణించెను, అతని కుమారుడు గాయపడెను. ఇచ్చట పోలీసులు కొట్టలేదు, కాపాడలేదు. క్రింది కోర్టున ఓడిన కుటుంబమునకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1,44,000 రూపాయలను వడ్డీతో ఇప్పించెను. 2000 సంవత్సరమున సుప్రీం కోర్టు ఆ తీర్పును నిలబెట్టెను. కొట్టుట ఎట్టి బాకీయో, కాపాడకుండుటయు అట్టి బాకీయే యని దానివలన తేలెను.

ఈ బాకీ తీర్చుటపై కొన్ని ఆక్షేపణలు కలవు. వానిని దాచుట న్యాయము కాదు. మొదటిది: పరిహారమునకు కట్టు సొమ్ము ప్రజల పన్నే కదా, కొట్టినవాని జేబులోనిది కాదుకదా యని. ఇది నిజము. ఢిల్లీలో పోలీసుల దెబ్బలవలన తొమ్మిదేండ్ల బాలుడు మరణింపగా, 1990లో సుప్రీం కోర్టు తల్లికి 75,000 రూపాయలు ఇప్పించుచు, ఆ సొమ్మును బాధ్యులైన అధికారులనుండి రాబట్టుకొను స్వేచ్ఛ ప్రభుత్వమునకు కలదని చెప్పెను. ఆ స్వేచ్ఛను ప్రభుత్వములు వినియోగించినప్పుడే భటుని చేయి ఎత్తుటకు ముందు జంకును. ఖజానా ఒక్కటియే చెల్లించుచు పోయినచో, కంచె మేసిన చేనికి రైతుచేతనే శిస్తు కట్టించినట్లగును.

రెండవది: ఇట్టి వ్యాజ్యములు పెరిగినచో పోలీసులు నేరస్థులను పట్టుటకే భయపడుదురని. తిరునాళ్ళలో రాత్రంతయు మేలుకొని కాయువాడు, వరదలో పడవ ఎక్కి వృద్ధులను గట్టు చేర్చువాడు పోలీసువాడే. అట్టివానికి ఈ తీర్పులవలన అపకారము లేదు. తిరగబడినవానిని లొంగదీయుటకు తగినంత బలమును చట్టమే అనుమతించుచున్నది. చేతులు కట్టబడినవానిని కొట్టుటకు మాత్రము ఏ చట్టమును అనుమతింపదు. కొట్టి ఒప్పించిన నేరము కోర్టున నిలువదు. అసలు దొంగ ఊరిలోనే తిరుగును. మాండవ్యుని కథలో భటులు తొందరపడుటవలన నిర్దోషి శూలమెక్కెను.

మూడవది, మిక్కిలి బరువైనది: లక్షయేబదివేలతో కొడుకు తిరిగి వచ్చునా యని. రాడు. ఏ న్యాయస్థానమును అట్లనలేదు. కాని ఆ సొమ్ము ధర్మము కాదు, దయ కాదు. నీ కొడుకు దొంగయై పారిపోయి చచ్చెనని వ్రాసిన కాగితమును కొట్టివేసి, వానిని చంపిరి, తప్పు రాజ్యముదని దేశపు అత్యున్నత న్యాయస్థానము వ్రాసియిచ్చిన రసీదు అది. బాకీదారు బాకీ ఒప్పుకొనుటకును, బిచ్చము వేయుటకును భేదమున్నది.

బాకీ పడిన పిమ్మట వసూలు చేయుటకన్న పడకుండ చూచుట మేలు. ఆ విధులును ఒక ఉత్తరమునుండియే పుట్టినవి. 1986 ఆగస్టులో పశ్చిమబెంగాలునుండి డి. కె. బసు అను న్యాయసేవా సంస్థాధ్యక్షుడు, నిర్బంధ మరణములనుగూర్చిన పత్రికావార్తలను జతపరచి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసెను. 1996 డిసెంబరు 18వ తేదీన ఆ కోర్టు పదునొకండు విధులను ఏర్పరచెను. వానిలో గ్రామస్థులకు ముఖ్యమైనవి ఇవి. నిర్బంధించు పోలీసువాని పేరు, హోదా స్పష్టముగా కనబడు బిళ్ళ ధరింపవలెను. తేదీ, వేళ వేసి నిర్బంధ పత్రము వ్రాయవలెను. దానిపై ఇంటివాడు గాని, ఊరి పెద్దమనిషి గాని సాక్షిసంతకము చేయవలెను. పట్టుబడినవాడును సంతకము చేయవలెను. బంధువునకో, మిత్రునకో కబురు పంపవలెను. పట్టుబడినవాడు కోరినచో ఒంటిపై నున్న గాయములను ఆనాడే పరీక్షించి వ్రాయవలెను. నిర్బంధములో ఉన్నంతకాలము 48 గంటల కొకసారి వైద్యుడు చూడవలెను. విచారణకాలమున వకీలును కలిసికొననీయవలెను. వీనిలో పెక్కు తరువాత చట్టమున చేరి, 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోను ఉన్నవి. 24 గంటలలో మేజిస్ట్రేటునెదుట నిలుపవలెనను విధి రాజ్యాంగములోనే కలదు. ప్రతి ఠాణాలోను కెమెరాలు అమర్చవలెనని 2020 డిసెంబరులో సుప్రీం కోర్టు ఆజ్ఞాపించెను.

విధి ఉన్నంతమాత్రమున నడచుననుకొనరాదు. హింసకు వ్యతిరేకమైన అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశము 1997లో సంతకము చేసెను గాని, దానిని ధ్రువీకరించి తగిన చట్టము చేయుట మిగిలియే యున్నది. కావున కాగితమును కాపాడుకొనవలసిన భారము ప్రజలపై ఉన్నది. ఎవనినైనను తీసికొనిపోయినచో, వచ్చినవారి పేర్లు, వేళ, వాహనపు నంబరు వెంటనే వ్రాసికొనవలెను. నిర్బంధ పత్రమునకై అడుగవలెను. గాయము కనబడినచో వైద్యుని చీటి పొందవలెను. నిర్బంధములో ఉన్నవారికిని, స్త్రీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా వకీలును ఇచ్చు న్యాయసేవా సంస్థలు కలవు. మానవహక్కుల కమిషనుకు ఏడాదిలోపల ఫిర్యాదు పంపుకొనవచ్చును. దానికి రుసుము లేదు.

సోదరులారా, చెన్నపట్నపు సంఘమునకు చేరిన ఉత్తరములు, నీలబతి బెహరా ఉత్తరము, బసు ఉత్తరము, ఇవి ఒకే వరుసలోనివి. లాఠీ ముందర ఒంటరిగా నిలువలేనివాడు కాగితముమీద నిలువగలడు. అందుకు చదువు కావలెను, సంగతి తెలియవలెను, వ్రాసిపెట్టు తోటివాడు కావలెను. ఈ మూడును దొరకు చోటు గ్రామమున గ్రంథాలయము. కావున రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారికి ఒక విన్నపము. పైని చెప్పిన విధులను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయించి, పత్రికల బల్లకు ఎదురుగా గోడకు తగిలింపవలెను. దాని క్రింద జిల్లా న్యాయసేవా సంస్థ చిరునామా ఉండవలెను. చదువరానివారు అడిగినప్పుడు చదివి వినిపించి, ఉత్తరము వ్రాసిపెట్టుటకు వారమున కొక సాయంకాలము ఒకరు కూర్చుండవలెను. దానికి అగు ఖర్చు ఒక పలక, ఒక సీసా రంగు, కొన్ని కార్డులు మాత్రమే.